మోరీ మీద కుర్చీలు

మున్సిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇంజినీరూ కాదు, మేస్త్రీ కాదు. ఇంజినీరు గీసిన గీతకీ మేస్త్రీ పెట్టిన ఇటుకకీ మధ్య ఎండలో నిలబడే మనిషి. గీత తప్పయితే మేస్త్రీ మనల్ని చూసి నవ్వుతాడు. ఇటుక తప్పయితే ఇంజినీరు మనల్ని తిడతాడు. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో అలా ముప్పై ఏళ్లకు కొంచెం తక్కువగా నిలబడి, యాభై నాలుగో ఏట నాకు నేనే ఉద్యోగం మానుకున్నాను. మోకాళ్లు పోయాయని ఇంట్లో చెప్పాను. నిజానికి నోరు ఊరుకోక మానుకున్నాను.

నేను కోతలు కోస్తానని మూడు ఊళ్లలోనూ పేరుంది. నాగర్‌కర్నూలులో నేను కట్టించిన మోరీకి, అంటే మురుగు కాలువకి, వాలు ఎంత బాగా కుదిరిందంటే, వానాకాలంలో పై వీధిలో పడిన దూడ కింది వీధిలో తేలేసరికి ఈత నేర్చుకుందని చెప్పేవాణ్ణి. గద్వాల ఎండకు తారురోడ్డు మూడు రోజులు గట్టిపడలేదనీ, ఒక కాంట్రాక్టరు ఎడమకాలి చెప్పు ఇప్పటికీ అందులోనే ఉందనీ చెప్పేవాణ్ణి. దూడ పడిన మాట నిజం. చెప్పు కూడా నిజమే, రోడ్డు మాత్రం వేరే ఊరిది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ప్రమోషన్ల గురించి, బిల్లుల గురించి చెప్పను. ఆ చదువు చెప్పేవాళ్లు ఆఫీసులో బోలెడుమంది ఉన్నారు. ఊరు ఎవరి కోసం కడుతున్నామో ఎస్టిమేటులో రాసి ఉండదని, అది మనమే పోయి కనుక్కోవాలని చెప్పడానికి ఇది రాస్తున్నాను. రెండు తప్పులు చేస్తే గానీ నాకు తెలిసిరాలేదు. ఆ రెండింటిలో కోతలేమీ లేవు. రెండింటిలోనూ తెలివితక్కువవాణ్ణి నేనే కాబట్టి కోయడానికి మనసొప్పదు.

గద్వాల బెంచీలు

గద్వాలలో ఒక బట్టల వ్యాపారి తన తండ్రి పేరు మీద పది సిమెంటు బెంచీలు ఇచ్చాడు. కోట వైపు నుంచి బస్టాండుకు పోయే దారిలో వేయించే పని నాది. మనసు పెట్టి వేయించాను. తెల్లగా సున్నం కొట్టించి, ప్రతి బెంచీ మీదా నల్ల అక్షరాలతో ఆ పెద్దాయన పేరు, ముందు కీర్తిశేషులు, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ రాయించాను. పెద్దవాళ్లు వచ్చి కూర్చుని నన్ను దీవిస్తారని ఎదురుచూశాను.

మేకలు కూర్చున్నాయి. మనుషులు ఒక్కరూ కూర్చోలేదు. ముసలివాళ్లు బెంచీ పక్కనే కరెంటు స్తంభం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నారు తప్ప దాని మీదికి రావడం లేదు. ఈ జనానికి సౌకర్యం ఇచ్చినా వాడుకోవడం రాదని ఆఫీసులో తీర్పు చెప్పేశాను. రెండు నెలలు అదే తీర్పు చెప్పుకుంటూ తిరిగాను. అడిగి తెలుసుకోవాలని తట్టలేదు. చివరికి అడిగింది కూడా చిరాకులోనే. నర్సప్ప అని ముసలి నేతగాడు, బతుకంతా గుంత మగ్గం మీద చీరలు నేసిన మనిషి, స్తంభం పట్టుకుని వగరుస్తున్నాడు. పక్కనే అంత మంచి బెంచీ ఉంటే నీకేం రోగమయ్యా అన్నాను.

ఆయన బెంచీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మా పొలంల మా నాయిన గూడ గిట్లనే ఉన్నడు సార్. తెల్లగ సున్నం, మీద పేరు, పుట్టింది, పోయింది. మా నాయిన మీదనే ఎన్నడు కూసోలే. ఈ పెద్దమనిషి మీద ఎట్ల కూసుంట?"

మా వైపు పెద్దవాళ్లను సొంత పొలం గట్టునే పూడ్చి, పైన సిమెంటు దిమ్మె కట్టి సున్నం వేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ దిమ్మెలు చూస్తూ పెరిగిన నేను, నడిరోడ్డు మీద వరసగా పది సమాధులు కట్టించి, వచ్చి కూర్చోమని జనాన్ని పిలిచాను.

మర్నాడే అక్షరాలు చెరిపించి ఎర్రరంగు వేయించాను. తండ్రిని చెరిపేశానని వ్యాపారి పైకి ఫిర్యాదు చేశాడు. నాకు గట్టిగానే పడ్డాయి. పడనీ అనుకుని నర్సప్పను తీసుకుపోయి కూర్చోబెట్టాను. కూర్చున్నాడు. బాగుంది అన్నాడు. కాసేపటికి చేతులు రెండు పక్కలా గాలిలో తడిమాడు. "కూసున్న సార్. ఇప్పుడు లేపు" అన్నాడు.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు లేవాలంటే రెండు చేతులూ గుంత అంచుల మీద అదిమి లేస్తాడు. యాభై ఏళ్లు ఆయన లేచిన తీరు అది. నా బెంచీకి పట్టుకోవడానికి ఏమీ లేదు. నేనూ దారిన పోయే ఇంకో మనిషీ చెరో చేయి పట్టి లేపాం. కూర్చునే చోటు కట్టడం సగం పనేనని, లేవడానికి పట్టు ఇవ్వడం మిగతా సగమని ఏ డ్రాయింగులోనూ నేను చూడలేదు. మీకూ కనబడదు.

వనపర్తిలో నేను పగలగొట్టినవి

ఇంత నేర్చుకున్నవాణ్ణి వనపర్తి పోయి బుద్ధిగా ఉండాలి గదా. ఉండలేదు.

పాత వీధి నుంచి మార్కెట్‌కు పోయే దారిలో రెండు పక్కలా మోరీ వెడల్పు చేయాలని ఆర్డరు వచ్చింది. దారి పొడుగునా ఇళ్ల ముందు, దుకాణాల ముందు బండరాతి అరుగులు మోరీ మీదికి వచ్చి ఉన్నాయి. కాగితం మీద వాటి పేరు ఆక్రమణలు. రెండు రోజుల్లో అన్నీ తీయించాను. ఒకచోట కూలీవాడు అలిసిపోతే గునపం నేనే అందుకున్నాను. మా డీఈ సారు, అంటే పై ఇంజినీరు, వచ్చి చూసి భుజం తట్టాడు. దారి గీత గీసినట్టు వచ్చింది. కూర్చోవడానికి ఒక్క రాయి మిగల్లేదు. ఆ రెండో సంగతి ఆ రోజు నాకు కనిపించలేదు.

తర్వాత నెలకు ఇంకో పని అప్పజెప్పారు. మార్కెట్‌లో నెల దాటి మూసి ఉన్న దుకాణాల జాగాలు పట్టీ రాసి సోమవారానికి ఇవ్వాలి. అవి కావాలని వరసలో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. పట్టీలో మొదటి పేరు ఖాసింబీ. మార్కెట్ మెట్ల పక్కన బండ మీద నలభై ఏళ్లుగా గాజులు అమ్మే మనిషి. డెబ్బై దాటి ఉంటాయి. నెల పైగా ఆ బండ మీద గోనె తట్టు పరిచి, పైన రాయి పెట్టి ఉంది. ఆమె జాగా కోసం ఫోన్ కవర్లు అమ్మే ఒకాయన అప్పటికే అర్జీ పెట్టుకున్నాడు. మంచాన పడిందేమో, సంతకం తీసుకుందామని గురువారం పొద్దున ఇంటికి పోయాను.

ఆమె గడప దగ్గర కూర్చుని గాజులు రంగుల వారీగా వేరు చేస్తూ పిల్లిని తిడుతోంది. ఆ తిట్టడంలో ఊపిరికి ఏ లోటూ లేదు.

"ఏం అవ్వా, పానం బాగలేదా? దుకాణం మూసినవ్?" అన్నాను.

"నేనేడ మూసిన బిడ్డా? నువ్వు మూసినవ్."

వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. ఇంటి నుంచి మార్కెట్‌కు ఆమె నాలుగు చోట్ల కూర్చుని పోయేది. పిండి గిర్ని అరుగు, దర్జీ అరుగు, బంగారం దుకాణం అరుగు, మందుల దుకాణం అరుగు. నలభై అడుగులు నడవడం, మోకాళ్లు చల్లబడేదాకా కూర్చోవడం, మళ్లీ నలభై అడుగులు. డాక్టరు చెప్పిన మందు కంటే తనకు ఈ లెక్కే పనిచేసిందని చెప్పింది. ఆటోలో పోవచ్చు గదా అన్నాను. అరుగు మీద కూర్చున్నప్పుడే ఇళ్లలోని ఆడవాళ్లు పిలిచి గాజులు వేయించుకుంటారట. సగం బేరం దారిలోనే. ఆటోలో పోయే ఖాసింబీని ఎవరు పిలుస్తారని నన్నే అడిగింది.

సోమవారం పట్టీ పైకి పోతుందని, పోతే జాగా పోతుందని దాచకుండా చెప్పాను. ఆమె చేతిలోని గాజులు పక్కన పెట్టింది.

"రాసుకో. నడవలేక మూసింది అని మాత్రం రాయకు. కూసునే జాగ తీసేస్తె మూసింది అని రాయి. గట్ల రాస్తె దస్కత్ చేస్త."

నా పట్టీలో ఆ మాటకు గడి లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పార్కు వస్తోంది కదా

డీఈ సారు దగ్గరికి పోయి దారిలో నాలుగు కూర్చునే దిమ్మెలు కావాలన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు, ఓపికగానే విన్నాడు. వృద్ధుల కోసం ఇప్పటికే ఫైలు నడుస్తోందన్నాడు. బైపాసు పక్కన పార్కు, అందులో నడక బాట, యోగా చేసుకునే గద్దె, ముందర ఊరి పేరు మనిషి ఎత్తు అక్షరాలతో, వాటికి రంగుదీపాలు. ఆ పార్కు ఖాసింబీ ఇంటికి రెండు కిలోమీటర్లు. అక్కడిదాకా ఆమె ఎలా పోవాలి సార్ అన్నాను. ఆటో అన్నాడు. నడవడం కోసం ఆటోలో పోవాలన్నమాట.

ఇక్కడ నా అభిప్రాయం ఉన్నదున్నట్టు రాస్తాను. పెద్దవాళ్ల కోసం అని మనం కట్టేవాటిలో చాలా మటుకు, వాళ్లను ఊళ్లోంచి తీసి పక్కన కూర్చోబెట్టడానికే. వాళ్లకు పార్కు వద్దని కాదు. పార్కు కంటే ముందు మార్కెట్ కావాలి, దవాఖాన కావాలి, మసీదో గుడో చర్చో కావాలి, టీ కొట్టు దగ్గర తగాదా కావాలి. వాటి దగ్గరికి తమ కాళ్ల మీద పోవాలి. మధ్యలో కూర్చోవాలి, మూత్రం వస్తే ఎక్కడికి పోవాలో తెలియాలి, లేచేటప్పుడు చేతికి ఏదన్నా అందాలి. డెబ్బై ఏళ్ల మనిషి వీధిలో కనిపించకపోతే ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారని అనుకోకండి. ఆ వీధిని నాలాంటివాడు ఎవడో బాగుచేసి ఉంటాడు.

డీఈ సారు లేదన్నాక నేను ఎస్టిమేటు ఇంటికి తీసుకుపోయి చదివాను. మోరీలో పూడిక తీయడానికి అక్కడక్కడ చాంబర్లు కట్టాలి, పైన మూత వేయాలి. ఎన్ని అన్నది ఉంది, ఎక్కడ అన్న చోట చుక్కలు పెట్టి ఖాళీగా వదిలేశారు. ఎత్తు అన్న చోట మాత్రం 'సైటుకు తగినట్టు' అని రాసి ఉంది. సర్కారు భాషలో అంతకంటే తీయని మాట నేను ఇంతవరకు చదవలేదు.

శుక్రవారం మా మేస్త్రీ బాలస్వామిని పిలిచాను. గోపాల్‌పేట మనిషి, ఇటుక పట్టుకుంటే మాట్లాడడు, మాట్లాడితే ఇటుక పట్టుకోడు. నేల మట్టానికి ఆపాల్సిన చాంబరు గోడలు నాలుగు చోట్ల మోకాలి ఎత్తు లేపాలని, పైన మూత నున్నగా ఉండాలని, రెండు పక్కలా ఇనుప పైపు వంచి పట్టు పెట్టాలని చెప్పాను.

"గిది చాంబరా సార్, కుర్చీనా?"

"మూత ఉన్నదంతా చాంబరే బాలస్వామీ."

"మూత మీద మనిషి కూసుంటె?"

"మూత గట్టిగ ఉన్నట్టు."

ఆపైన అతను ఇటుక పట్టుకున్నాడు.

ఎక్కడ కట్టాలో టేపుతో కొలవలేదు. ఖాసింబీని నడవమని, వెనక సుద్దముక్కతో నేను నడిచాను. ఆమె నిలబడిపోయిన చోట గీత గీశాను. ఆసరాకు నా భుజం పట్టుకుని, మోకాళ్లు చల్లబడ్డాక మళ్లీ నడిచింది. దుకాణాలవాళ్లు బయటికి వచ్చి నవ్వుతూ చూశారు. నా సర్వీసులో నేను చేసిన సర్వేల్లో సరైనది అదొక్కటే.

మూడో గీత బంగారం దుకాణం ముందర పడింది. ముసలివాళ్లు కూర్చుంటే గిరాకీ లోపలికి రాదని యజమాని ఒప్పుకోలేదు. అప్పుడు నేను నాగర్‌కర్నూలు దూడను బయటికి తీశాను. సరైన చోట చాంబరు లేకపోతే మోరీ ఎలా పొంగుతుందో, దూడ ఏ దుకాణం షట్టరు కింద నుంచి దూరి ఏ అద్దాల బీరువా ముందు లేచి నిలబడిందో ఆయనకు వివరంగా చెప్పాను. ఆ రోజు దూడ కొంచెం పెద్దదైంది. ఆయన లోపలికి పోయి టీ పంపించాడు.

మొదటిది కిందికైంది. ఆమె కూర్చుంటే ఇద్దరం కలిసి లాగాల్సి వచ్చింది. రెండు వరసలు లేపితే మీదికైంది, కాళ్లు గాలిలో వేలాడాయి. నన్ను పటం కట్టి గోడకు తగిలిస్తవా అని అడిగింది. ఒక వరస తీయించాం. కూర్చుంది, అరికాళ్లు నేలకు ఆనాయి, రెండు చేతులూ పైపుల మీద అదిమింది, ఎవరి చేయీ పట్టకుండా లేచింది. బాలస్వామి గోడ మీద పెన్సిలుతో ఆ ఎత్తు గీసుకున్నాడు. మిగతా మూడూ ఆ గీత ప్రకారమే కట్టాడు. ఆదివారం అంతా గోనెసంచులు తడిపి కప్పి ఉంచాం.

సోమవారం

సోమవారం పొద్దున పట్టీ నా జేబులోనే ఉంది. మధ్యాహ్నం లోపల ఇవ్వాలి. ఖాసింబీ గాజుల మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. గిర్ని దగ్గర కూర్చుంది, లేచింది. దర్జీ దగ్గర కూర్చుంది, లేచింది. బంగారం దుకాణం ముందు కూర్చుని ఉండగా డీఈ సారు జీపు వచ్చి ఆగింది. వెనక ట్రాలీలో గునపాలతో నలుగురు మనుషులు. ఎవరు ఫోన్ చేశారో తెలియదు. దూడను నమ్మనివాడు ఎవడో వీధిలో ఉన్నాడు.

"ఏందయ్యా ఇది? చాంబరా ఇది?"

"చాంబరే సార్. మూత ఉంది."

"మూత తీయి, చూస్త."

"మూత మీద అవ్వ ఉంది సార్."

ఆయన నన్ను వదిలి ఆమె వైపు తిరిగాడు. మర్యాదగానే అడిగాడు. "అవ్వా, జర లే. పని ఉంది."

ఆమె తల ఎత్తి ఆయన్ను చూసింది. "లేస్త బిడ్డా. కూసున్నదే లేసేతందుకు. మోకాళ్లు ఒప్పుకున్నంక లేస్త. అందాక నువ్వు గూడ కూసో."

కూర్చోవడానికి అక్కడ ఇంకేమీ లేదు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. గిర్ని ముందరి దిమ్మె మీద ఎవరో ముసలామె పిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దర్జీ ముందరి దిమ్మె మీద రిటైరైన అటెండరు ఒకాయన పేపరు చదువుతున్నాడు. మందుల దుకాణం ముందరి దాని మీద ఎవరో ముసలాయన మాత్రల చీటీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గునపాలవాళ్లు ట్రాలీ అంచు మీద కూర్చున్నారు. వీధి మొత్తంలో నిలబడి ఉన్నది మేమిద్దరమే. ఎండ పెరుగుతోంది. ఆయన బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాడు. ఆయనకూ రిటైర్మెంటు దగ్గరలోనే ఉంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, మూట ముడి సరిచూసుకుంది, తొందరపడలేదు.

మీటింగు ఉందని, సంజాయిషీ రాసి ఇవ్వమని నాకు చెప్పి ఆయన జీపు ఎక్కాడు. గునపాలు వెనకే పోయాయి.

సంజాయిషీలో రెండు వాక్యాలు రాశాను. ఎత్తు సైటుకు తగినట్టు పెట్టాను. సైటులో మనుషులున్నారు. నన్ను మళ్లీ నాగర్‌కర్నూలు పంపించారు. అక్కడ తొమ్మిది కట్టించాను. వనపర్తి నాలుగింటిలో ఒకటి తర్వాత ఎవరో బండ్లు పెట్టుకోవడానికి పగలగొట్టారని విన్నాను, అది కూడా రాయకపోతే ఇది కోతే అవుతుంది. మిమ్మల్ని కూడా ఎక్కడికో పంపిస్తారు. పోండి. ముసలివాళ్లు లేని ఊరికి బదిలీ చేయడం ఎవరివల్లా కాదు.

ఆ రోజు జీపు పోయాక ఆమె లేచింది. మందుల దుకాణం ముందరి ముసలాయన జరిగి చోటిస్తే నాలుగోసారి కూర్చుని, లేచి, మార్కెట్ చేరింది. మెట్ల పక్కన ఆమె బండ మీద ఫోన్ కవర్ల ఆయన అప్పటికే సరుకు పరిచేశాడు. ఆమె నిలబడింది. మూట ఇంకా చంకలోనే ఉంది. నెల దాటింది గదా సార్, నా అర్జీ ఉంది గదా అని ఆయన నన్ను అడిగాడు. పట్టీ తీసి ఖాసింబీ పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'తెరిచి ఉంది' అని రాసి, చదివి వినిపించాను. అతను కాసేపు గొణిగి కవర్లు ఎత్తుకున్నాడు. అతనికీ ఒక జాగా కావాలి, అది నిజమే. అది ఈమెది కాదు.

ఆమె తట్టు దులిపి పరిచింది, రంగుల వారీగా గాజులు సర్దింది. అవి పూర్తిగా సర్దకముందే ఒకామె వచ్చి చేయి చాపింది. నేను అక్కడే నిలబడ్డాను. ఒక మంచి మాట వస్తుందేమోనని నిలబడ్డానని ఒప్పుకుంటాను. ఖాసింబీ ఆ చేతికి గాజు ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే నాతో అంది.

"ఆడోళ్లు గాజులేసుకునే కాడ నీకేం పని సార్? పొద్దుగూకేటప్పుడు ఎండంత ఆ పక్కనే కొడ్తది. నువ్వు కట్టిన నాలుగు గా పక్కనే ఉన్నయ్. నేను మల్ల ఇంటికెట్ల పోవాలె? ఈ పక్క గూడ కట్టు."

ఎస్టిమేటులో ఇంకా ఆరు చాంబర్లు మిగిలి ఉన్నాయి. అక్కడి నుంచి కదులుతూనే బాలస్వామికి ఫోన్ చేశాను.